మా అత్త ఏడేళ్లు రాసిన కథ

మా మేనత్త పోయిన నెలలో చనిపోయింది.

ఏఎస్ రావు నగర్ క్లినిక్‌లో నేనొక పెద్దాయన చేతికి రబ్బరు పట్టీ బిగించి నరం వెతుకుతుండగా ఫోన్ మోగింది. ఎత్తలేదు. రక్తం తీసి, సీసా మీద పేరు రాసి, ఇంటిపేరు సరిగ్గా ఉందో లేదో ఆయన్ని ఇంకోసారి అడిగి, అప్పుడు తిరిగి చేశాను. దవాఖానాలో అత్త పక్క మంచం పేషెంటు కూతురు మాట్లాడింది. “అక్కా, మీ అత్తమ్మ లేదక్కా. మంచినీళ్లు కావాలన్నది. నేను గ్లాసు కడుక్కొచ్చేసరికే...” అని ఏడ్చింది. రెండేళ్లుగా డయాలసిస్ మీద బతుకుతున్న మనిషి. ఈ కబురు ఏదో ఒకరోజు వస్తుందని తెలుసు. 

ఆమె మా నాన్నకు అక్క. నాచారంలో మా ఇంటికి రెండిళ్ల అవతల మేడ మీది గదిలో ఉండేది. మందుల డబ్బాలు ప్యాక్ చేసే ఒక కంపెనీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసింది. కథలు రాసేది. ముప్పై ఏళ్లలో ఐదు కథలు. మీలో ఎవరికీ ఆమె పేరు తెలిసి ఉండదు, అందుకే ఇక్కడా రాయడం లేదు. ఆ ఐదింటిలో చివరిది రాయడానికి ఏడేళ్లు పట్టింది. ఆ కథ గురించి చెప్పకుండా అత్త గురించి చెప్పలేను. అందులో మా గల్లీ ఉంది, మా ఇల్లు ఉంది, నేనూ ఉన్నాను.

అత్త ఎంత మెల్లగా రాసేదో ముందు చెప్తాను. ఆమె మొదటి కథ నాలుగు పేజీలు. మూడేళ్లు రాసింది. పెళ్లైన కొత్తలో మొగుడు బెల్టుతో కొట్టేవాడు. బకిల్ వైపు పట్టుకుని కాదు, బకిల్ తగిలేలా కొట్టేవాడు. ఒకసారి ఆమె తల గోడకేసి కొడితే కుడి చెవి పోయింది. ఆ తర్వాత రెండు చీరలు పట్టుకుని జనగామ దగ్గరి పల్లె నుంచి మా ఇంటికి వచ్చేసింది. ఆ కథలో ఇదంతా ఉంది. నాలుగు పేజీలకు మూడేళ్లు ఎందుకని చిన్నప్పుడు అడిగాను.

“ముందుగాల వాన్ని రాక్షసుని లెక్క రాసిన బిడ్డా. పదిరోజుల్ల అయిపోయింది. మల్ల సదివితే అబద్ధమనిపించింది. కొట్టినంక పసుపు నూరి పెట్టేది గూడ వాడే. ఏడ్సుకుంట పెట్టేటోడు. ఆ పసుపు రాయనీకి మూడేండ్లు పట్టింది” అంది.

రెండో కథ ఫ్యాక్టరీది. పక్క షెడ్డులో రేకులు వంచే మిషన్ కింద ఒకామె చెయ్యి పడింది. మూడు వేళ్లు పోయాయి. ఆమెను ఒళ్లో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్లింది అత్తే. ఆరోజు ఇంటికొచ్చినప్పుడు ఆమె చీర కుచ్చిళ్లు రక్తంతో అట్టకట్టి, నడుస్తుంటే టపటప చప్పుడు చేశాయి. అమ్మ నీళ్లు పోస్తుంటే బకెట్ల కొద్దీ ఎర్రగా పోయింది. తర్వాత ఏడాదిన్నర పాటు అత్త ప్రతి ఆదివారం ప్రార్థన ముగిశాక ఆమె ఇంటికి వెళ్లేది. కూరగాయలు తరిగిపెట్టేది, పిల్లల జడలు వేసేది. ఏమీ అడిగేది కాదు. ఒకరోజు ఆమే చెప్పిందట: “నొప్పి ఏం తెల్వలే అక్కా. ముందు నా గాజులు పగిలిన సప్పుడు ఇన్న.” అత్త ఇంటికొచ్చి, కేకతో మొదలైన ఎనిమిది పేజీలూ చింపేసింది. గాజుల చప్పుడు దగ్గర మళ్లీ మొదలుపెట్టింది.

ఆమె పెన్సిల్‌తో రాసేది. వంట చేస్తూ వాక్యాన్ని గట్టిగా చదువుకునేది. రోజుకొక వాక్యం నిలబడితే ఆరోజు ముఖం కళగా ఉండేది. అలాంటి రోజులు తక్కువ. “ఏందత్తా, ఇయ్యాల ఎన్ని రాసినవ్?” అంటే, “నిన్న రాసింది తీసేసిన” అనేది. అది గొప్ప పని అన్నట్టు చెప్పేది. ఇప్పుడు ఆలోచిస్తే నిజంగానే గొప్ప పని అనిపిస్తుంది.

ఇక ఆ ఎండాకాలం సంగతి.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. రెండు నెలల్లో మా గల్లీలో నాలుగిళ్ల బోరు మోటర్లను దొంగలు ఎత్తుకుపోయారు. నీళ్లకు కటకటలాడే రోజులు. జనం కోపంతో ఊగిపోతున్నారు. ప్రతి గేటు వెనకా ఒక కర్ర పెట్టుకున్నారు. ఫోన్లలో ఒక గ్రూపు పెట్టి, దొరికితే చేతులు విరిచెయ్యాలి, కాళ్లు విరిచెయ్యాలి అని రాసుకునేవాళ్లు. ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా పనిచేసే మా నాన్న పైపులు తిప్పే పెద్ద పానాను తలుపు పక్కన పెట్టుకుని పడుకునేవాడు.

ఒక శనివారం మధ్యాహ్నం మూడింటికి అత్త మేడ మీద బట్టలు ఆరేస్తోంది. నేను పిట్టగోడ దగ్గర కూర్చుని చదువుకుంటున్నాను. కింద ఒక మనిషి భుజం మీద తువ్వాలు వేసుకుని, దాని మీద మోటర్ పెట్టుకుని, ఒక ఇంటి గేటు తెరుచుకుని బయటకు వచ్చాడు. ఆ ఇంట్లో ఎవరూ లేరని మాకు తెలుసు. అతను అటూ ఇటూ చూశాడు. అత్త చేతిలోని తడి బట్ట వదిలేసి అరిచింది.

“దొంగ! మోటర్ దొంగ! పట్టుకోండ్రి!”

ఒక్కసారే అరిచింది. రెండోసారి అరవాల్సిన పని పడలేదు.

అన్ని గేట్లూ ఒకేసారి తెరుచుకున్నాయి. మొదటి దెబ్బకే మోటర్ అతని భుజం మీంచి పాదం మీద పడింది. అతను పాదం పట్టుకుని వంగాడు. వంగినవాడి వీపు మీద క్రికెట్ బ్యాట్ పడింది. ముగ్గురు కలిసి బట్టలు ఆరేసే నైలాన్ తాడుతో కరెంటు స్తంభానికి కట్టేశారు. తర్వాత వరసపెట్టి కొట్టారు. కొట్టడం రానివాళ్లు కూడా కొట్టారు. ఎప్పుడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని కిరాణా కొట్టాయన చెప్పు తీసి ముఖం మీద కొట్టి, మళ్లీ వేసుకుని కొట్టుకు వెళ్లిపోయాడు. అతను ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచినప్పుడల్లా నోటి మీదే కొట్టారు.

అత్త కిందికి పరిగెత్తింది. “ఆపుండ్రి, సచ్చిపోతడు! పోలీసోళ్లను పిలుద్దాం!” అని మధ్యలోకి దూరింది. ఎవరో తోసేస్తే పక్కనున్న మురుగు మోరీలో పడిపోయింది. ఆమె ఇంకా లేవకముందే మా ఇంట్లోంచి నాన్న పానా పట్టుకుని వచ్చాడు. నేను పైనుంచి చూస్తున్నాను. నాన్న మూడు దెబ్బలు కొట్టాడు. రెండు మోకాళ్ల మీద. మూడోది తల మీద. మూడో దెబ్బకు అతని మెడ తాడు మీదికి వాలిపోయింది. అప్పుడు గల్లీలో చప్పుడు ఆగింది.

పావుగంట తర్వాత వెనక గల్లీలో ఉండే ఒక రిటైరైన ముసలాయన వచ్చాడు. “నా మోటర్ బాగుజేసి తెచ్చే వైండింగ్ ఆయన ఇటొచ్చిండా? ఇల్లు దొర్కుతలేదని ఫోన్ జేసిండు...” అంటూ వచ్చినవాడు ఆగిపోయాడు. కింద పడున్న మోటర్‌కు దారంతో ఒక చీటీ కట్టి ఉంది. దాని మీద ఆ ముసలాయన పేరు ఉంది.

పోలీసులు వచ్చి ఇల్లిల్లూ అడిగారు. ఎవరో బయటివాళ్లు కొట్టి పారిపోయారని గల్లీ అంతా ఒకే మాట చెప్పింది. నాన్న అదే చెప్పాడు. నేను నిద్రపోతున్నానని చెప్పాను. అత్త, “బట్టలు ఆరేసుకుంటున్న సార్. ఏం సూడలే” అంది. గుర్తు తెలియని వ్యక్తులు అని రాసుకుని వెళ్లిపోయారు. సాయంత్రం ఎవరో స్తంభం మొదట్లో పైపు పెట్టి కడిగారు. నాన్న తన చొక్కాను పెరట్లో కాల్చేశాడు. అమ్మ అన్నం పెట్టింది. మేము తిన్నాం.

నెల తర్వాత అత్త ఒక కొత్త నోట్‌బుక్కు కొంది.

ఆ ఏడేళ్లలో ఆమె చేసిన పనులు చూసి గల్లీవాళ్లు పిచ్చి పట్టిందనుకున్నారు. ఉప్పల్‌లో ఒక వైండింగ్ షాపుకు వెళ్లి, ఒక మోటర్‌ను తన భుజం మీద పెట్టమని అడిగింది. షాపాయన నవ్వాడు. అత్త నవ్వలేదు. భుజం మీద తువ్వాలు వేసుకుని, మోటర్ ఎత్తించుకుని, ఎండలో రోడ్డు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. మూడు రోజులు మెడ తిప్పలేకపోయింది. “బరువు మోసేటోడు అటూ ఇటూ సూడంగనే దొంగ సూపు లెక్క కొడ్తది బిడ్డా. మెడ తిర్గదు గద. కండ్లు ఒక్కటే తిర్గుతయి. గందుకే గట్ల సూసిండు” అని నాతో చెప్పింది. ఆ ఒక్క వాక్యం కథలో ఉంది.

నన్ను ఎముకల గురించి అడిగేది. మోకాలి చిప్ప పగిలితే మనిషికి మాట వస్తుందా రాదా అని మా క్లినిక్ డాక్టర్‌ను అడిగి రమ్మనేది. ఒకరోజు చాలా మామూలుగా అడిగింది.

“నేను మోరీల పడ్డప్పుడు మీ నాయిన వచ్చిండు గద. ఏడ కొట్టిండో నువ్వు పైకెల్లి సూసినవా?”

“యాదికి లేదత్తా.”

“యాదికొచ్చినప్పుడు జెప్పు. నాకు తొందర లేదు.”

నాకు మూడేళ్లు పట్టింది. ఒక ఆదివారం ఆమె వంకాయలు కోస్తుంటే చెప్పేశాను. మూడు దెబ్బలు, ఎక్కడెక్కడ, ఏ వరసలో. ఆమె కత్తిపీట పక్కన పెట్టి విన్నది. నా తల మీద చెయ్యి వేసి, “ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్నవా, నా తల్లి” అంది. నోట్‌బుక్కు తియ్యలేదు.

కథలో ఆ అరుపు ఉంది. అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. మొదటి ప్రతిలో “ఎవరో అరిచారు” అని ఉంది. రెండేళ్ల తర్వాతి ప్రతిలో “ఒక ఆడమనిషి అరిచింది” అయింది. ఆ తర్వాత “మేడ మీది ఆమె అరిచింది.” ఐదో ఏడు ఒక పొద్దున నన్ను పిలిచి నోట్‌బుక్కు చేతికిచ్చింది. పేజీ మధ్యలో “నేను అరిచాను” అని ఉంది. పెన్సిల్‌ను ఎంత గట్టిగా అదిమిందో, కాగితం వెనక వైపు అక్షరాలు వేలికి తగిలాయి.

“అరిసినప్పుడు ఒక్క నిమిషం గూడ ఆలోచించలే. గిది రాయనీకి ఐదేండ్లు” అని, ముఖం చీర కొంగులో పెట్టుకుంది.

కథ పూర్తయిందని నేననుకున్నాను. ఆమె అనుకోలేదు. చచ్చిపోయినవాని భార్యకు చదివి వినిపించాకే పత్రికకు పంపుతానంది. వద్దని బతిమాలాను. వినలేదు. ఆ భార్య ఎక్కడుందో కనుక్కోవడానికే నాలుగు నెలలు తిరిగింది. నారపల్లిలో, కొత్తగా వేసిన ప్లాట్ల మధ్య ఒక రేకుల గదిలో జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతోందని తెలిసింది. ఉప్పల్‌లో బస్సెక్కి ఇద్దరం వెళ్లాం. 

ఆమె నాకంటే ఐదారేళ్లు పెద్దది, అంతే. మిషన్ ఆపి, జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చామనుకుని కొలత టేపు అందుకుంది. అత్త కింద కూర్చుంది.

“మీ ఆయన సచ్చిపోయిన గల్లీల ఉంటనమ్మా. దొంగ అని అరిసింది నేనే. అంత రాసిన. ఇంటవా?”

ఆమె టేపు మిషన్ మీద పెట్టేసింది. అత్త చదవడం మొదలుపెట్టింది. ముప్పావుగంట చదివింది. తాడు కట్టిన చోటికి వచ్చేసరికి ఆమె బల్ల మీది చెక్క స్కేలు తీసుకుని అత్త భుజం మీద కొట్టింది. అత్త చదువుతూనే ఉంది. మళ్లీ కొట్టింది. మెడ మీద, చెంప మీద, చేతుల మీద. నేను అడ్డం వెళ్లాను. “నువ్వు ఆగు” అని అత్త నన్ను పక్కకు నెట్టి, నెత్తురు కారుతున్న పెదవితో మిగిలిన రెండు పేజీలూ చదివేసింది. స్కేలు విరిగింది. ఆమె విరిగిన ముక్కతో కూడా కొట్టి, చేతిలో సత్తువ లేక మిషన్ పక్కన కూలబడిపోయింది. పొట్ట పట్టుకుని జంతువులా అరుస్తూ ఏడ్చింది. పక్క గదులవాళ్లు వచ్చి తలుపు దగ్గర నిలబడి, ఏమీ అర్థంకాక వెళ్లిపోయారు.

చాలాసేపటికి లేచి, కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగింది. ఇంకో గ్లాసు ముంచి అత్త ముందు పెట్టింది.

“గందుల ఒకటి తప్పు రాసినవ్” అంది.

అత్త తలెత్తింది.

“‘నేను దొంగను కాదు, నన్ను ఇడ్సిపెట్టుండ్రి’ అని మొత్తుకున్నడని రాసినవ్. గట్ల అనడు. ఆయనకు నత్తి. భయమైతే అసలుకే మాట రాదు. పెండ్లిసూపులల్ల నా పేరు అడగనీకే గంటసేపు పట్టింది ఆయనకు.” అక్కడ ఆగి, గోడ వైపు తిరిగింది. “మాట వచ్చేదుంటే బతుకుతుండె.”

తిరుగు బస్సులో అత్త చెంప వాచి, కన్ను సగం మూసుకుపోయింది. సంచిలోంచి నోట్‌బుక్కు తీసి ఆ వాక్యం వెతికి, పెన్సిల్‌తో కొట్టేసింది. బస్సు కుదుపులకు గీత వంకరగా పోయింది.

“నేను ఇన్నది ‘నే... నే...’ అని, గంతే” అంది. “మిగిలింది నేనే నింపిన. ఆరేండ్ల సంది నిజం రాస్తున్న అనుకున్న. ఆ దినం గూడ గంతే జేసిన బిడ్డా. మోటర్ సూసిన, మనిషిని సూడలే. సగం సూసి సగం నింపిన.”

నేను విన్న మాటల్లో మరిచిపోలేనిది ఇదొక్కటే. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా, ఎక్కడ నేను చూడనిది నింపుతున్నానో అని చెయ్యి ఆగుతోంది.

ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. అతను మాట్లాడినవన్నీ తీసేసి, మాట రాని మనిషిగా మళ్లీ మొదటి నుంచి రాసింది. కథ పోయిన ఏడాది ఒక చిన్న పత్రికలో వచ్చింది. గల్లీ పేరు లేదు, ఎవరి పేర్లూ లేవు. అయినా గల్లీకి తెలిసిపోయింది. ఎవరో ఆ పేజీలను ఫోన్లో ఫొటో తీసి, వెనకటి మోటర్ల గ్రూపులోనే పెట్టారు. రెండోరోజు అత్త కిటికీ అద్దాలు రాళ్లతో పగలగొట్టారు. మూడోరోజు ఆమె తలుపు ముందు చచ్చిన పందికొక్కును పడేశారు. నాలుగోరోజు పొద్దున మా నాన్న వెళ్లాడు.

నేను వెనకే పరిగెత్తాను. నేను వెళ్లేసరికే నాన్న ఆమె జుట్టు పట్టుకుని మంచం కోడుకేసి తల కొడుతున్నాడు. “ఏ చెయ్యితోని రాసినవ్? సెప్పు! గీ చెయ్యేనా?” అంటూ ఆమె కుడిచేతిని నేలకు అదిమి బూటుకాలితో తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు గుమ్మం దగ్గరున్న నాకు వినబడింది. నేను కాలు పట్టుకుని లాగితే మోచేత్తో నా నోటి మీద కొట్టాడు. ముందుపన్ను విరిగిపోయింది. అత్తా నేనూ నెత్తురు ఉమ్ముకుంటూ ఉన్నాం. మంచం పట్టీ గీరుకుని నాన్న వేలు కూడా తెగింది.

అత్త నేల మీద పడుకునే అంది: “తమ్మీ, నీ పేరు యాడ రాయలే. నా పేరే రాసుకున్న.”

“నిన్నెవడడిగిండు? ఏడేండ్ల సంది అందరం మర్సిపోయినం!”

“నువ్వు మర్సిపోయినవా?”

నాన్న గుమ్మం దాటి వెళ్లాడు. బయటి నల్లా దగ్గర చేతులు కడుక్కున్నాడు. కడిగినవే కడిగాడు. చాలాసేపు నీళ్ల చప్పుడు వినబడుతూనే ఉంది.

వారం తర్వాత అత్త, చేతికి కట్టుతో, తానే ఠాణాకు వెళ్లింది. నేను తోడు వెళ్లాను. కాగితం అడిగి ఎడమచేత్తో రాయడానికి కూర్చుంది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. “అమ్మా, నువ్వు కథ రాస్తలేవు. జర జల్ది రాయి” అన్నాడు కానిస్టేబుల్ విసుగ్గా. “కథ అయితే ఇంకా మెల్లగ రాస్తుంటి సారూ” అంది అత్త. తాను అరిచినట్టు, ఆరోజు అబద్ధం చెప్పినట్టు, తాడు కట్టిన ముగ్గురిని చూసినట్టు రాసింది. నాన్న గురించి రాయలేదు. తమ్ముడని దాచిందని అప్పుడు అనుకున్నాను. బయటకు వచ్చాక నా ముఖం చూసి తానే చెప్పింది. “నేను మోరీల ఉన్న. సూడంది రాయొద్దు. సూసినోళ్లే చెప్పాలె.” నన్ను వెళ్లమని ఒక్కమాట కూడా అనలేదు.

చేతి ఎముక సరిగ్గా అతకలేదు. ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. వంకర అక్షరాలు చూపించి, “మంచిగనే అయ్యింది. కుడిచెయ్యి జర తొందరపడుతుండె” అని నవ్వింది. నెలకొకసారి నారపల్లి వెళ్లేది. మొదట రెండుసార్లు ఆమె తలుపు తియ్యలేదట. మూడోసారి తీసిందట. తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. జాకెట్లకు హుక్కులు కుడుతూ కూర్చుంటానని మాత్రం ఒకసారి అంది.

అత్త పోవడానికి రెండు వారాల ముందు నేను ఠాణాకు వెళ్లాను. పంతొమ్మిదేళ్లప్పుడు నిద్రపోతున్నానని చెప్పినదాన్ని, ఇప్పుడు చూసింది చూసినట్టు చెప్పాను. నాన్న పేరు చెప్పాను. ఆ పేరు ముందున్న ఇంటిపేరు నాది కూడా. అక్కడి నుంచి నేరుగా దవాఖానాకు వెళ్లి అత్తకు చెప్పాను. ముక్కుకు గొట్టం ఉంది. కళ్లు తెరిచి నన్ను చూసింది.

“ఎన్ని దెబ్బలని జెప్పినవ్?”

“మూడత్తా.”

“నాలుగు కాదు గద? కోపంల ఒకటి ఎక్కువ జెప్పలే గద?”

“లేదత్తా. మూడే.”

“మంచిది” అని నా చెయ్యి పట్టుకుంది. కొంతసేపయ్యాక, “పాపం, వానికి భయమైతుండొచ్చు” అంది. ఎవరి గురించి అందో చెప్పలేదు. తమ్ముడి గురించే అయుంటుందని అనుకుంటున్నాను. అనుకుంటున్నాను, అంతే.

నాన్నను పిలిచి ప్రశ్నించి పంపారు. కేసు మళ్లీ కదులుతోందని అంటున్నారు. నేనిప్పుడు అత్త గదిలో ఉంటున్నాను. పగిలిన అద్దాలకు అట్టలు పెట్టాను. నాన్న నాతో మాట్లాడడు. గల్లీలో చాలామంది మాట్లాడరు. అత్త నాకు ఇచ్చింది ఇదేనా అని కొన్ని రోజులు కోపం వస్తుంది. కానీ ఎనిమిదేళ్ల తర్వాత నాకిప్పుడు అన్నం సయిస్తోంది. ఆమెకు నేను రుణపడింది ఇదే.

ఖననానికి పాతికమంది కూడా రాలేదు. పాస్టర్ గారు క్లుప్తంగా ప్రార్థన చేశారు. పెట్టె దించాక అందరం తలా ఒక పిడికెడు మట్టి వేశాం. నారపల్లి ఆమె వస్తుందని అనుకోలేదు. వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా వెనక నిలబడి, అందరూ జరిగాక ముందుకు వచ్చి ఆమె కూడా మట్టి తీసుకుంది. చేతిని గోతి మీదకు చాచింది. కానీ వెయ్యలేదు. పిడికిలి అలాగే బిగించి వెనక్కి తిరిగింది.

నాన్న లోపలికి రాలేదు. పొద్దుటి నుంచి శ్మశానం గేటు బయట, గోడ నీడలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె గేటు దాటుతుండగా చూశాను. పరిగెత్తి ఆమెను ఇటు పిలుద్దామనుకున్నాను. వెళ్లలేదు. నాన్న ముఖం ఆమెకు తెలియదు. ఆమె ఎవరో నాన్నకు తెలుసు. ఎనిమిదేళ్ల కింద శవాన్ని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు మా గేటు సందులోంచి చూశాడు.

ఆమె రోడ్డుకు అటూ ఇటూ చూసి, దగ్గర్లో ఇంకెవరూ లేక, నాన్న వైపు తిరిగింది.

“అన్నా, నారపల్లి బస్సు ఏడ ఆగుతది?”

నాన్న పెదవులు కదిలాయి. మాట రాలేదు. కుడిచెయ్యి ఎత్తి చౌరస్తా వైపు చూపించాడు.

ఆమె తలూపి వెళ్లిపోయింది. మట్టి ఉన్న పిడికిలిని కడుపుకు ఆనించుకుని రోడ్డు దాటింది. బస్సు వచ్చింది, ఒక్క చేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కింది, బస్సు కదిలిపోయింది. నాన్న చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.